భట్టుగారికి తాంబూలం

పైడిమెట్ట రాజు జగ్గభూపతికి ఉన్నట్టుండి ఓ ముచ్చట పుట్టింది. ఏ రాజు కొలువులోనూ లేనంత ఘుమఘుమ తన కొలువులో ఉండాలట!

ఆస్థాన వైద్యుడు భైరవభట్టుకు అంతకన్నా ఏం కావాలి? ఏవేవో మూలికలు దంచి, గుగ్గిలం కలిపి ధూపం తయారుచేశాడు. దానికి భైరవధూపమని తన పేరే పెట్టుకున్నాడు. పొద్దున రాజేస్తే దీపాలు పెట్టేవేళ దాకా సింహాసనం చుట్టూ పొగే పొగ. మంత్రులు రాజుగారనుకుని స్తంభాలకు దండాలు పెట్టసాగారు.

నెల తిరక్కుండానే రాజుగారికి గుండెదడ పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే ఛాతీ బిగిసిపోతోంది. భట్టు నాడి చూసి, పక్కనే తాంబూలం పళ్లెంతో నిలబడ్డ పేరిందేవి వైపు వేలు చూపించాడు.

"అంతా దీని వక్కల మహిమ ప్రభూ! ముందు దీన్ని కోట దాటించండి."

పేరిందేవికి ఒళ్లు మండింది, భయమూ వేసింది. తల్లి తర్వాత తనకు దక్కిన కొలువది. అది పోతే పొయ్యిలో పిల్లి లేవదు. అయినా నోరు ఊరుకుంటుందా?

"మొన్న వేటలో నా తాంబూలం నములుతూనే కొండెక్కారు కదా ప్రభూ! అప్పుడు లేని దడ ఇప్పుడెందుకొచ్చింది? అక్కడ ఈ పొగ లేదు."

భట్టు పకపకా నవ్వాడు. "పొగ ముక్కులో దూరి ముక్కులోంచే పోతుంది. మధ్యలో గుండెకేం పని? ఆకులు తుడుచుకునేదానివి, నాకు వైద్యం నేర్పుతావా?"

"రేపటికల్లా రుజువు చెయ్యి. లేదా మూట సర్దుకో" అన్నాడు రాజు ఆయాసపడుతూ.

మర్నాడు నిండు కొలువులో పేరిందేవి భట్టుకు వంగి తాంబూలం అందించింది.

"తప్పయిపోయింది భట్టుగారూ. ఇది వేసుకుని నన్ను మన్నించండి."

రాజు ఎదుట ఇచ్చిన తాంబూలాన్ని కాదంటే రాజును కాదన్నట్టే. భట్టు మీసం దువ్వుకుని అందుకున్నాడు. ఆకు అంచున నల్లగా ఏదో కనిపిస్తే మడత విప్పి చూశాడు. సున్నానికి బదులు జిడ్డు మసి దట్టంగా పూసి ఉంది.

"ఏమిటే ఇది?"

"కాస్త మసి. వేసుకోండి, ఏమీ కాదు."

"ఏమీ కాదా! ఈ విషం లోపలికెళ్లి రక్తంలో కలిస్తే గుండె పట్టేసి ఇక్కడే చస్తాను! ప్రభూ, ఇది నన్ను చంపడానికే వచ్చింది!"

రాజు కళ్లెర్రజేశాడు. "ఎక్కడిదే ఆ మసి?"

పేరిందేవి సింహాసనం పైన ధూపం పొగకు నల్లబడ్డ చాందినీని చూపించింది.

"మీ నెత్తి మీదిదే ప్రభూ, పొద్దున్నే గీకాను. భట్టుగారు ఒక్క ఆకుకు పూసినంత కూడా నోట పెట్టనంటున్నదాన్ని, మీకు రోజంతా ముక్కుతో తినిపిస్తున్నారు!"

కొలువంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది రాజే. నవ్వుతూ దగ్గుతూనే కిటికీలన్నీ తెరిపించాడు, చేతి కంకణం తీసి పేరిందేవి చేతిలో పెట్టాడు.

"మరి నేను ప్రభూ?" అన్నాడు భట్టు నీరసంగా.

"నువ్వా? ఆ ధూపం కుండలు నెత్తినెత్తుకుని కోట దాటించు!"