నూకాలు పట్టు

అనగనగా అంటే నిన్నో మొన్నో అనుకునేరు. మా తాత తాతకి ఇంకా పాలపళ్ళు రాని కాలం. ఒక కొండ, కొండ కింద పారే ఒక గెడ్డ. ఆ గెడ్డ నీళ్ళతో బతికే ఊళ్ళు రెండు. పైన ఎగువపాలెం, కింద దిగువపాలెం.

ఇప్పుడు మీరు షటిల్ అని ఆడుతున్నారే, దాన్ని అప్పట్లో ఈకబంతి అనేవారు. ఏటా నాట్లకు ముందు రెండు ఊళ్ళూ ఈకబంతి ఆడేవి. గెలిచిన ఊరికి నీళ్ళు ముందు. ఓడిన ఊరికి మిగిలితే.

దిగువపాలెం ఎప్పుడూ ఓడేది. ఎందుకంటారా? ఎప్పుడో ఒక పెద్దాయన చేతిలోంచి బ్యాటు జారి ఆట పోయిందట. ఇక చూసుకోండి, ఆ రోజు నుంచి ఆ ఊరివాళ్ళు బ్యాటును గుడ్డపేలికతో అరచేతికి కట్టుకుని ఆడేవారు. బ్యాటు జారలేదు, నిజమే. గెలుపు మాత్రం ఏటా జారిపోయేది.

ఆ ఊళ్ళో నూకాలు అని బాతులు కాచుకునే మనిషి ఉండేది. ఈకబంతులు ఆమే కట్టేది. కట్టిన ప్రతి బంతినీ తిన్నగా ఎగురుతుందో లేదో పాత బ్యాటుతో పాక గోడకి కొట్టి చూసేది. కుడికొకటి, ఎడమకొకటి, గోడ పక్కనే మెల్లగా ఒకటి. ఆమెను ఆటకు రమ్మని ఎవరూ పిలవలేదు. వస్తానని ఆమె కూడా అడగలేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. గెడ్డ సన్నబడింది. నూకాలు బాతులు ఎండిన బురదలో ముక్కులు పెట్టి వెతుక్కుంటూ ఒకటొకటే చచ్చిపోతున్నాయి. ఈసారి నీళ్ళు ముందు రాకపోతే ఊరికి నారు ఉండదు, నూకాలుకి బాతు ఉండదు.

ఆట రోజున ఎగువపాలెం బంగారినాయుడు మీసం దువ్వాడు. "ముగ్గుర్ని పంపండర్రా! ఒక్కడు నన్ను గెల్సినా నీల్లు మీవే!" అన్నాడు. ఎవరి వైపు మూడు బంతులు పడితే వాళ్ళు ఓడినట్టు.

మొదటివాడు చెయ్యి కట్టుకుని దిగాడు. అట్లపెనం కాడలా బ్యాటును బిగించి పట్టాడు. బంగారి మూడుసార్లూ ఎడమకే కొట్టాడు. చెయ్యి తిరగలేదు. ఓడాడు.

రెండోవాడు ఇంకా గట్టిగా కట్టుకుని దిగాడు. బంగారి మూడుసార్లూ వల దగ్గరే మెల్లగా వేశాడు. చెయ్యి వంగలేదు. ఓడాడు.

మూడోవాడికి మరీ గట్టిగా కట్టారు. చెయ్యి వంకాయలా వాచి, ఆటకి ముందే కూలబడ్డాడు.

అప్పుడు నూకాలు లేచింది. "నానాడతాను బాబూ" అంది ఊరిపెద్దతో.

"సరేనే, సెయ్యిలా పెట్టు, కడతాను."

"కట్టొద్దు బాబూ."

"జారిపోతాదే!"

"బాతుపిల్ల జారిపోద్దని సేతికి కట్టుకుంటామా? పట్టుకుంటాం. పిసకం."

జనం పకపకా నవ్వారు. నూకాలుకి భయం వేసింది. ఓడితే ఊరంతా తననే ఆడిపోసుకుంటుందని తెలుసు. అయినా దిగింది.

మొదటి బంతి కుడివైపు తల మీదికి వచ్చింది. గోతిలో ఉన్నవాడికి చెయ్యందించినట్టు పిడి పట్టుకుంది. వదులుగానే పట్టింది. బంతి తగిలేటప్పుడు మాత్రం వేళ్ళు బిగించింది. ఠప్! బంగారి కాళ్ళ దగ్గర పడింది. "పట్టుకో, పిసక్కు" అనుకుంది నూకాలు.

రెండో బంతి ఎడమకు వచ్చింది. వేళ్ళ మధ్య పిడిని కాస్త దొర్లించి, వెనక బొటనవేలు ఆనించి, తలుపు గడియ తోసినట్టు తోసింది. ఠప్! బంగారి వెనక పడింది. "పట్టుకో, పిసక్కు" అనుకుంది నూకాలు.

మూడో బంతి వల పక్కన జారింది. వేళ్ళ కొసలతో పట్టి, బాతుపిల్లను నేల మీద దింపినట్టు బంతిని వల అవతల దింపింది. చప్పుడే లేదు. బంగారి పరుగెత్తుకొచ్చి బోర్లా పడ్డాడు.

దిగువపాలెం అరిచిన అరుపుకు కొండ మీది మేకలు బెదిరి పారిపోయాయట! ఏళ్ళ తరబడి ఓడిన ఊరు మరి, ఆ మాత్రం అరవదా?

బంగారినాయుడు దుమ్ము దులుపుకుని దగ్గరికొచ్చాడు. "అప్పా, నీ సెయ్యోసారి సూపించు."

నూకాలు అరచెయ్యి చాపింది. "ఇందులో ఏటీ నేదు బాబూ. కట్టు నేదు, అంతే."

ఆ సాయంత్రమే కాలవలోకి నీళ్ళు దిగాయి. ఆ నీళ్ళలోకి ముందు దిగినవి నూకాలు బాతులే. వాటి వెనక ఊరు ఊరంతా కేకలేస్తూ పొలాలకు నడిచింది.

నూకాలు పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఆమెకు గుడి కట్టలేదు, రాయి పాతలేదు. కానీ దిగువపాలెంలో ఇప్పటికీ పిల్లల చేతికి మొదట బ్యాటు ఇవ్వరు. బాతుపిల్లను ఇస్తారు. అది జారకుండా, అరవకుండా చేతిలో కుదురుగా కూర్చున్నాకే బ్యాటు ఇస్తారు. ఎంత పెద్ద ఆటగాడైనా సరే, భయపడి పిడి బిగించాడంటే గట్టు మీద ముసలమ్మలతో సహా అందరిదీ ఒకటే కేక:

"నూకాలు బాతది, పిసక్కు!"

ఆ కేకకు వేళ్ళు వదులవుతాయి. బంతి వెళ్ళి అవతల పడుతుంది.