కుర్చీలాటలో నక్క చెప్పిన ఇంగ్లీషు

ఏటిగట్టు కింద రేకుల షెడ్డులో జంతువుల పిల్లలకి ఓ బడి ఉండేది. అక్కడ ఇంగ్లీషు చెప్పేది బాతు, పేరు చంద్రకళ టీచరు. ఆవిడ పాఠం మొదలెడితే షెడ్డు రేకులు ఎగిరిపోవాల్సిందే. తన ఈక ఒకటి పీకి మేకపిల్ల మూతి ముందు పట్టుకుని, "ఏదీ, పెన్ అను, నోటి గాలికి ఈక కదలాలి" అనేది. మేకపిల్ల పెన్ అనబోయి తుమ్మేది. ఈక ఎగిరెళ్ళి దూడ ముక్కులో దూరేది. దూడ తుమ్మేది. ఇక చూస్కోండి, కోడిపిల్లలు నవ్వలేక దొర్లుకుంటూ గుమ్మం దాటేవి. మర్నాటికి మాత్రం అందరి నోటా పెన్నూ పేపరూ దొరల్లా పలికేవి.

బడి కమిటీ చైర్మన్ గంగులయ్యకి ఇది గిట్టలేదు. ఆయన దున్నపోతు. ఇంగ్లీషు ముక్క రాదు కాబట్టి ఇంగ్లీషు ఎలా చెప్పాలో ఆయనకి బాగా తెలుసు.

"ఏంటమ్మా టీచరమ్మా, ఇది బడా, జాతరా? నవ్వుతున్నారంటే చదవట్లేదనేగా?"

"నోరు తిరగాలంటే ముందు సిగ్గు పోవాలి చైర్మన్ గారూ. నవ్వితే పోతుంది."

చెప్పి ఏం లాభం, దున్నపోతు మీద వాన. సరిగ్గా అప్పుడే నక్క జంబుకేశ్వర్రావు టై కట్టుకుని దిగాడు.

"అయ్యా, బడి నాకివ్వండి. ఈ గంతులకీ నా చదువుకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా" అని, తన జాతి గుర్తొచ్చి కాస్త దగ్గాడు. "తలుపులేసి చెబుతాను. ఒక్కడు కిక్కురుమంటే అడగండి. పైగా నేను శాకాహారిని, ఇదిగో కాగితం."

కాగితం ఇంగ్లీషులో ఉంది. గంగులయ్య కళ్ళకద్దుకున్నాడు. "టీచరమ్మా, రేపట్నించి మీరు రానక్కర్లేదు."

చంద్రకళ కోడిపిల్లలకేసి చూసింది. ఉద్యోగం పోతే పోయింది, ఏట్లో చేపలున్నాయి. తలుపులేసిన గదిలో నక్క చేతికి కోడిపిల్లల్ని ఎలా వదిలిపెట్టడం? ఆ మాటంటే చైర్మన్ కుళ్ళుబోతుదానివి అంటాడు. అందుకని నవ్వింది.

"అలాగేనండి. ఆఖరి క్లాసు కదా, కుర్చీలాట ఆడిస్తాను. కొత్త మాస్టారు కూడా ఆడితే వారి ఇంగ్లీషు మీరూ వినొచ్చు."

"ఆడవయ్యా" అన్నాడు గంగులయ్య. నక్క కాదనలేకపోయాడు.

ఆట తేలికే. డప్పు ఆగగానే కుర్చీలో కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళు రేపు ఏం చేస్తారో ఇంగ్లీషులో చెప్పాలి, అదీ మూడు చప్పట్లలోపు. ఆలోచించారా, అవుటే.

మొదటిసారి నక్క పెద్దమనిషిలా కూర్చుని, "టుమారో ఐ విల్ రీడ్ ఎ బుక్" అన్నాడు. పిల్లలు ఈలలేశారు. నక్కకి ఒళ్ళు పులకరించింది. రెండోసారికి టై వీపు మీదికి పోయింది. మూడోసారి దూడని డొక్కలో పొడిచి మరీ కూర్చున్నాడు. చంద్రకళ డప్పు జోరు పెంచింది. పిల్లలు పకపకా నవ్వుతున్నారు, నక్కా నవ్వుతున్నాడు, దుమ్ము రేగిపోతోంది. ఎందుకొచ్చాడో కూడా మర్చిపోయాడు వెర్రినాయన. చివరికి ఒక్కటే కుర్చీ మిగిలింది, మేకపిల్లా తనూ. డప్పు ఆగింది. నక్క ఎగిరి కుర్చీలో పడ్డాడు. ఒక చప్పట, రెండు చప్పట్లు.

"టుమారో ఐ విల్ షట్ ద డోర్ అండ్ ఈట్ ద చికెన్స్!"

పిల్లలంతా చప్పట్లే చప్పట్లు. "ఒక్క తప్పు లేదు మాస్టారూ" అంది మేకపిల్ల. నక్క లేచి వంగి వంగి దణ్ణాలు పెడుతున్నాడు. గంగులయ్య కూడా గిట్టలు కొట్టి, పక్కనున్న దూడని అడిగాడు.

"ఏమన్నాడ్రా?"

"రేపు తలుపేసి కోడిపిల్లల్ని తినేస్తాడంట తాతా."

గంగులయ్య కొమ్ములు కిందికి దిగాయి. నక్క గట్టు దాటేదాకా కాళ్ళు నేలకి ఆనాయో లేదో ఎవరూ చూళ్ళేదు. టై మాత్రం ముళ్ళకంపకి వేలాడుతూ మిగిలింది.

తిరిగొచ్చిన గంగులయ్య తలొంచుకుని టీచరు దగ్గరికెళ్ళాడు. మెల్లిగా అన్నాడు.

"టీచరమ్మా, రేపు ఆటకి నేనూ వస్తాను. కుర్చీ కాస్త గట్టిది వేయించండి."

అబద్ధానికి తీరిక కావాలి; ఆట ఆ తీరిక ఇవ్వదు.