గడపలో గజ్జెలు

కోటిలింగం పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. దీపాలు పెట్టే వేళకి నాటకం మొదలు, పాలెగాడి వేషం తనది. పోయిన వారం పక్క ఊళ్ళో జరిగిందే కళ్ళ ముందు తిరుగుతోంది.

అది తాతల నాటి నాటకం. ప్రాణభయంతో పరుగెత్తుకొచ్చిన ఒకడికి పాలెగాడు తన ఇంట మంచినీళ్ళిస్తాడు. అంతలోనే కొడుకు శవం వస్తుంది. చంపింది ఆ వచ్చినవాడే. పాలెగాడు కత్తి ఎత్తుతాడు. కానీ తన ఇంటి నీళ్ళు తాగినవాణ్ణి నరకలేక, కత్తి దించి దారి చూపిస్తాడు. ఒకప్పుడు అక్కడికొచ్చేసరికి ఊళ్ళకి ఊళ్ళు ఏడ్చేవట. కోటిలింగం కత్తి దించితే మాత్రం "నరకరా వెధవా!" అని ఎవడో అరిచాడు, జనం గొల్లుమన్నారు. ఇవాళ కూడా నవ్వితే ఆ వేషం ఇంకొకరికేనని మేళం పెద్దలు ఖరాకండిగా చెప్పేశారు.

పాపం, వాడు ఊరుకున్నాడా? పాడుబడ్డ కోటలు తిరిగాడు, ముసలివాళ్ళని అడిగాడు, పాలెగాళ్ళ కాలం గురించి రెండు నోటుపుస్తకాలు నింపాడు. అవి చంకలో పెట్టుకుని గురువు సోమేశయ్య ఇంటికి పరుగెత్తాడు.

"అయ్యవారూ!" అన్నాడు గడప బయటినుంచే. "ఆ కాలపు కట్టుబాట్లన్నీ కంఠతా వచ్చు. కానీ కన్నకొడుకుని చంపినవాణ్ణి గుక్కెడు నీళ్ళ కోసం ఎవడైనా వదిలేస్తాడా? నాకే నమ్మకం లేదు, జనాన్నెలా నమ్మించేది?"

సోమేశయ్య పుస్తకాల వంక చూడను కూడా లేదు. మేకుకి వేలాడుతున్న గజ్జెలు తీశాడు. ఆయన గురువు కాలికి కట్టినవి. కోటిలింగం రోజూ కళ్ళకద్దుకునేవి. వాటిని గడపకి అడ్డంగా పరిచాడు.

"చెప్పులతోనే వాటిని తొక్కుకుంటూ లోపలికి రా."

"అయ్యవారూ!"

"ఏం? ఇత్తడీ తోలూనే కదా. ఎవరూ చూడట్లేదు, రా."

పదేళ్ళుగా ఆయన మాటకి ఎదురు చెప్పి ఎరగడు కోటిలింగం. కాలెత్తాడు. అంతే, అది గాల్లోనే ఆగిపోయింది. తొక్కడమా, అమ్మో! తొక్కకపోతే గురువుగారి మాట తీసేసినట్టే.

"తొక్కకూడదని ఏ పుస్తకంలో రాసుందిరా?"

కోటిలింగం ఎత్తిన కాలు దించలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చంకలోని పుస్తకాలు జారి కిందపడ్డా వాడు చూసుకోలేదు.

సోమేశయ్య పీట లాక్కుని కూర్చున్నాడు. వాయించే కంచు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

"కాలు అక్కడే ఉండనీ," అన్నాడు మెల్లగా. "ఊఁ, ఇప్పుడందుకో, కత్తి దించే పద్యం."