చెంచాకీ నోటికీ మధ్య

శ్రీజకు జ్వరమని విన్నప్పుడు నాకు సంతోషం కలిగింది.

శ్రీజ మా తోడికోడలు ప్రమీల కూతురు. ఆరేళ్ల పిల్ల. మూడు రోజులుగా మంచం దిగలేదంటే నా కడుపులో ఏదో చల్లబడింది. ఆ వెంటనే నన్ను చూసి నాకే భయం వేసింది.

మర్నాడు గురువారం. హైమను చంకనేసుకుని, ఊరి చివర గుట్టమీద ఉండే దస్తగిరి తాత దగ్గరికి వెళ్లాను.

హైమ నా కూతురు. శ్రీజ కంటే నాలుగు రోజులు పెద్ద. కాన్పు కష్టమైంది. పుట్టగానే ఏడవలేదు. చాలాసేపు ఊపిరి అందక మెదడు దెబ్బతిందన్నారు. ఇప్పటికీ మెడ సరిగా నిలవదు. మాట లేదు. మింగడమూ కష్టమే.

తాత దూదేకులాయన. దర్గా పక్కన రేకుల కింద కూర్చుని పరుపులకు దూది ఏకుతాడు. ఏకుతూనే మాతో మాట్లాడతాడు. ఆయన్ని గురువనుకునేవాళ్లం పదిమందిమి ఉన్నాం. ఆయన మాత్రం ఎవరినీ శిష్యులని అనడు.

"నాలో విషం ఉంది తాతా. తీసెయ్," అన్నాను. జ్వరం సంగతి చెప్పేశాను.

తిడతాడనుకున్నాను. దూది ఏకే విల్లు ఆగలేదు. దూది లేస్తూనే ఉంది.

"ఆ పిల్ల బోర్లా పడింది ఎప్పుడు?" అని అడిగాడు.

"నాలుగో నెల దాటి ఇరవయ్యో రోజు. ఆదివారం. బొబ్బట్లు నేనే చేశాను."

మా ఇళ్లల్లో బిడ్డ కొత్తగా ఏదైనా నేర్చినప్పుడల్లా ఏదో ఒక తీపి వండి ఇరుగుపొరుగుకు పంచుతాం.

"నడక?"

"పదకొండో నెల. ఉగాది ముందు రోజు. అరిసెలకు పాకం తనకు కుదరదని ప్రమీల నన్నే పిలిచింది. పొయ్యి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంటే పొగ అనుకున్నారు."

"మాట?"

హైమ మూతి కొంగుతో తుడిచాను.

"మొదటి మాట నాతోనే అంది తాతా. నా మొహం చూసి 'అమ్మ' అంది. ప్రమీలకు ఇప్పటిదాకా చెప్పలేదు."

తాత ఇంకాస్త దూది ముందుకు లాక్కున్నాడు. నేనే ఆగలేకపోయాను.

"జ్వరం రాకముందు రోజూ తాడాట. మా కిటికీ ఎదురుగానే. నలభై దాకా అడుగు తప్పకుండా దూకేది."

తాత దగ్గర పరుపు గుడ్డలు కుట్టే ఆడమనిషి మాబున్ని, సూది ఆపి నవ్వింది. "అబ్బో! కన్నతల్లికైనా ఇన్ని తెలుసో లేదో గదమ్మా!"

"నువ్వు కుట్టుకో మాబున్నీ," అన్నాడు తాత. నా వైపు తిరిగి, "మరి నీ బిడ్డకు ఏం వండావు?" అన్నాడు.

"వండటానికి ఏముంది తాతా?"

తాత విల్లు కింద పెట్టాడు.

"పొద్దెక్కింది. పాపకు పెట్టు."

హైమను ఒళ్లో వేసుకున్నాను. తల నా ఎడమచేతి మడతలో పెట్టుకుని గిన్నె మూత తీశాను. రాగిజావ. ఎడమచేతి వేళ్లతో గడ్డం పట్టుకోవాలి, బొటనవేలితో కింది పెదవి నొక్కాలి. నోరు తెరుచుకుంటుంది. చెంచా పెట్టాలి. ఆరేళ్ల అలవాటు. చూడక్కర్లేదు, చెయ్యే చేసుకుపోతుంది. నా కళ్లు తాత మీదే ఉన్నాయి. నాలో విషం గురించి ఏం చెబుతాడా అని.

తాత వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. హైమ గడ్డం మీద నుంచి నా వేళ్లు ఒక్కొక్కటీ తీశాడు.

"ఇప్పుడు పెట్టు."

"పట్టుకోకపోతే నోరు తెరవదు తాతా."

"చెంచా ఎత్తు. ఊరికే ఉండు."

ఎత్తాను. చెంచా గాల్లో ఆగింది.

హైమ కళ్లు అటు తిరిగాయి. చెంచాను దాటిపోయాయి, మళ్లీ వచ్చాయి. కింది పెదవి వణికింది. ఎంతసేపో. నా చెయ్యి నొప్పెట్టింది.

నోరు తెరుచుకుంది. కొంచెమే. చెంచా పట్టేటంత.

తాత లేచి లోపలికి వెళ్లాడు. బెల్లం ఉండ తెచ్చి రాయి మీద పగలగొట్టాడు. మాబున్ని చేతిలో ఒక ముక్క పెట్టాడు. పరుపు కోసం వచ్చి కూర్చున్న ఆటో ఈరన్నకు ఒక ముక్క ఇచ్చాడు.

"ఏం తాతా, విశేషం?" అన్నాడు ఈరన్న.

"హైమ చెంచా చూసి నోరు తెరిచింది."

ఈరన్న నన్ను చూశాడు, పాపను చూశాడు. నవ్వాలో వద్దో తెలియలేదు అతనికి. "అంతేనా?" అన్నాడు.

"నోట్లో వేసుకో," అన్నాడు తాత.

నాకు ఒళ్లు మండింది. ఒక పిల్ల నలభై దూకుళ్లు దూకుతుంది. నా బిడ్డ నోరు తెరిస్తే బెల్లమా?

"ఎగతాళి చేస్తున్నావా తాతా?"

మిగిలిన ముక్క నా దగ్గర పెట్టాడు. ఆయన మొహంలో నవ్వు లేదు.

"ఎప్పటి నుంచి తెరుస్తోంది తల్లీ?"

చెప్పబోయాను. నెల నోటికి రాలేదు. వారం రాలేదు. నిన్నేనా? పోయిన ఏడాదా? ఏ రోజు నా బొటనవేలి కింద ఆ పెదవి తనంతట తాను కదలబోయిందో, నేను నొక్కేశానో. ఆ రోజు నేను కిటికీలోంచి ఎవరిని చూస్తున్నానో.

మాబున్ని బెల్లం ముక్క నోట్లో వేసుకుంది.

జావ చల్లారుతోంది. రెండో చెంచా ఎత్తాను. సగంలో ఆపాను. వేళ్లు గడ్డం దగ్గరికి పోనివ్వలేదు.

హైమ కళ్లు వెతుక్కుంటూ వచ్చాయి. ముందు చెంచా దగ్గరికి. తర్వాత నా దగ్గరికి.