ఈశ్వరి తీగ

"అమ్మా, ఇవి తినడం లేదు."

ఖైరూన్ వెదురు చాట తెచ్చి పీరమ్మ ముందు పెట్టింది. చాట నిండా లేత ఆకులు. వాటి మీద గొంగళిపురుగులు. నల్లని ఒంటి మీద ఎర్రటి బుడిపెలు, నడుముకు తెల్లటి పట్టీ. కొన్ని కదులుతున్నాయి. చాలావరకు కదలడం లేదు.

కొండ మీది అడవిలో ఆ చిన్న దర్గాను చూసుకునేది పీరమ్మ. ఖైరూన్ ఆమె శిష్యురాలు. వాదనలో ఖైరూన్‌ను గెలిచినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఓడినవాళ్లకు మజ్జిగ ఇచ్చి మరీ సాగనంపేది.

దర్గా గోడంతా ఈశ్వరి తీగ అల్లుకుని ఉండేది. ఒట్టి చేదు తీగ. పూస్తుందే గాని అవి పూలనిపించవు. ఆకుల నిండా పురుగులు కొరికిన బొక్కలు. ఖైరూన్‌కు వానాకాలం సమాధి మీద వాలే నల్లరెక్కల సీతాకోకచిలుకలంటే ప్రాణం. ఉరుసు నాటికి అవి గుంపులు గుంపులుగా రావాలని, గోడ వెంట పూలమొక్కలు పెట్టాలని, మొన్న ఆ తీగను పీకేసింది. దాని మీది పురుగులను మాత్రం చంపలేక చాటలోకి ఏరుకుంది.

"ఏమేం పెట్టావు?" అడిగింది పీరమ్మ.

"వేప, కానుగ, మునగ, గులాబీ. అన్నీ చిగుళ్లే. ఆకలేస్తే నేనైనా తినేదాన్ని! ఇంత తిండి మధ్య పస్తుండి చస్తున్నాయంటే అది వాటి మొండితనం కాదా? ఇందులో నా తప్పేముందో చెప్పమ్మా."

"అవి తినే ఆకేది?"

"పీకేశాను కదా."

"వేరుందా?"

"వేరుతో సహా తవ్వి పొయ్యిలో పెట్టాను. సగం పని చేయడం నాకు రాదు."

"అవును. రాదు."

పీరమ్మ చేతికర్ర అందుకుని లేచింది. ఇద్దరూ వాగు దాకా వెతికారు. వాగు దాటి వెతికారు. తీగ ఉండాల్సిన చోటల్లా గుంతలే ఉన్నాయి. పాముకాటుకు మందని వేర్లు తవ్వుకుపోయారు ఎవరెవరో.

"మన గోడ మీద దాన్ని ఎవరూ ముట్టలేదు. పీరు తీగని భయం," అంది పీరమ్మ.

ఖైరూన్ ఒక గుంత దగ్గర కూర్చుని, మట్టిలో వేరుముక్క ఏదైనా మిగిలిందేమోనని కెలికింది. "ఆ భయం నాకే లేకపోయింది," అంది లేస్తూ.

తిరిగొచ్చేసరికి చాటలో ఒక్కటే తల ఎత్తింది. ఖైరూన్ వేపచిగురు దాని నోటి దగ్గర పెట్టింది. అది తల తిప్పుకుంది.

"తినవే. తిని చావవే తల్లీ."

కాసేపటికి అదీ కదలడం మానేసింది. ఖైరూన్ కళ్లు తుడుచుకుంటే భగ్గున మండాయి. బూడిద పెట్టి తోమినా తీగ పసరు చేతులను వదల్లేదు. మొన్నటి నుంచి అన్నం ముద్ద కూడా చేదే.

అప్పుడు వచ్చింది ఒక సీతాకోకచిలుక. నల్లని రెక్కలు, ఎర్రని ఒళ్లు. రెక్క అంచు చిరిగి ఉంది. బోసి గోడను ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమింది. గులాబీ ఆకు మీద వాలి ముందుకాళ్లతో టపటపా కొట్టింది. లేచింది. మునగ మీద వాలింది. లేచింది.

"ఏం చేస్తోందది?"

"కాళ్లతో రుచి చూస్తోంది. గుడ్డు పెట్టాలి దానికి, ఈ పురుగులు తినే ఆకు మీదే."

ఆకు తర్వాత ఆకు. ఒక్కటీ వదల్లేదు. మళ్లీ మొదటి ఆకు దగ్గరికే వచ్చింది.

పీరమ్మ ఖైరూన్ చేయి పట్టుకుని, వేళ్లు విప్పి, అరచేతిని గోడ దగ్గరికి చాపింది.

సీతాకోకచిలుక వచ్చి ఆ అరచేతిలో వాలింది. కాళ్లతో కొట్టి చూసింది. ఈసారి లేవలేదు. తోక వంచి, ఆవగింజంత ఎర్రటి గుడ్డు ఒకటి అరచేతి గీతల మధ్య అంటించి వెళ్లిపోయింది.

"ఇక్కడ కాదే," అంది ఖైరూన్, వెళ్లిపోతున్న దాని వెనక. "ఇక్కడ కాదు."

ఆమె వేళ్లు ముడవబోయింది.

"మూయకు," అంది పీరమ్మ.

"ఎంతసేపమ్మా?"

"అది పుట్టి, తినడానికేముందని నిన్ను అడిగేదాకా."