గుల్లలమెట్ట సిలువ గుడి: తలుపుకు గుల్ల విసిరే ఆచారం

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, పడవల రేవుకు ఎడమవైపు, గుల్లలమెట్ట మీద సిలువ గుడి ఉంది. దూరం నుంచి వచ్చేవారికి ముందు దాని తెలుపు కనిపిస్తుంది. దగ్గరికి వచ్చాక తలుపు కనిపిస్తుంది. ఆ చెక్క తలుపు నిండా చిన్న చిన్న గాట్లు. తలుపు మార్చరాదా అని యాత్రికులు ఏటా అడుగుతారు. మార్చరు. దయచేసి ఇక అడగవద్దు.

ఇంకో సంగతి కూడా మొదటే చెప్పుకోవడం మంచిది. కష్టంలో ఉన్న మనిషితో ఈ మెట్ట మీద ఎవరూ 'దేవుని చిత్తం' అనకూడదు. ఎవరి కష్టానికి వారు ఆ మాట అనుకోవచ్చు, పక్కవారి కష్టానికి అనే హక్కు ఎవరికీ లేదు. రేవు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించారు, గేటు దగ్గర రాయించారు. అయినా అంటారు. అన్నవారు ఏటి నుంచి ఒక గంపెడు గుల్లలు నెత్తిన మోసుకురావాలి. పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషులకూ మినహాయింపు లేదు.

పూర్వం ఇక్కడ గుల్ల సున్నం కాల్చే పద్నాలుగు కుటుంబాలు ఉండేవి. ఏటి అడుగున మునిగి గుల్లలు తీసి, బొగ్గూ కట్టెలూ పేర్చి బట్టీలో కాల్చి, ఆపైన నీళ్లు చల్లితే అవి విచ్చి సున్నమవుతాయి. చుట్టుపక్కల ఊళ్ల గోడలన్నీ తెల్లబడేది వీరి చేతుల మీదనే. వీరు ఉండేది మాత్రం తాటాకు గుడిసెల్లో. ఆ చేతులతోనే వారు మట్టిగోడలు పెట్టి ఒక చిన్న గుడి కట్టుకున్నారు.

గుల్లలను వెంటనే కాల్చకూడదు. వానలో నానాలి, ఏటి ఉప్పు కడిగిపోవాలి. ఈ సంగతి అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. అయితే క్రిస్మసు పూజ చేయడానికి స్వాములవారు వస్తున్నారని తొందరపడి, ఆయన లేనప్పుడు గుడి చూసుకునే ఉపదేశి రాయప్ప అప్పుడే తీసిన గుల్లలను కాల్పించి సున్నం వేయించాడు. పండుగ దాటి నెల కాకముందే గోడంతా ఉప్పు పొంగి చేప పొలుసులా రాలిపోయింది. సున్నం కాల్చేవాళ్ల గుడికే సున్నం నిలవలేదని ఏటి అవతలి ఊళ్లు నవ్వాయి.

ఆ నవ్వు ఇన్నయ్య అనే పనివాడికి గుచ్చుకుంది. వచ్చే పాస్కా పండుగకు, అంటే ఈస్టరుకు, రాలిపోని తెలుపు వేస్తానని అతడు సిలువ ముందు మొక్కుకున్నాడు. మంచి గుల్ల కోసం ఏరు దాటి సముద్రంలోకి వెళ్లి మునుగుతుండగా పోటు ముంచుకొచ్చింది. పడవ మాత్రం నిండా గుల్లలతో ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఇన్నయ్య శవమై మర్నాడు ఒడ్డుకు చేరాడు.

అతని భార్య శౌరమ్మ. ఏడాది ముందే సున్నం పడి ఆమెకు కుడికన్ను పోయింది. అప్పుడు రాయప్ప వచ్చి "దేవుని చిత్తం" అన్నాడు. ఆమె తలూపింది. ఇన్నయ్యను పాతిపెట్టిన రోజూ వచ్చి అదే అన్నాడు. ఆమె తలూపలేదు. మాఘం చివర, వానకాలం కాని కాలంలో, మూడు రోజులు ఎడతెగని వాన కురిసి ఆమె బట్టీ కప్పు కూలింది. రాయప్ప మళ్లీ వచ్చాడు.

"దేవుని చిత్తం, శౌరమ్మా. మనమేం చేయగలం?"

"ఉపదేశిగారూ, మీకు ఆ ముక్క తప్ప ఇంకోటి రాదా?"

"తప్పమ్మా, అలా అనకూడదు. దేవుడు బాగా ప్రేమించినవాళ్లకే కష్టాలు పెడతాడు."

"అయితే కొన్నాళ్లు మిమ్మల్ని ప్రేమించమనండి. నాకు చాలు."

మరుసటి రోజు విభూది బుధవారం, పాస్కాకు ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే రోజు. అందరూ నుదుట విభూది పెట్టించుకుని వెళ్లాక శౌరమ్మ గుడి ముందుకు వచ్చింది. ఇన్నయ్య ప్రాణం పెట్టి తెచ్చిన గుల్లలు ఆవరణలో కుప్పగా ఉన్నాయి. ఒకటి తీసి మూసి ఉన్న తలుపు మీదికి విసిరింది. "నీ గుడికి గుల్లలు తేబోయినవాణ్ణే తీసుకున్నావు. ఎందుకు?" ఇంకోటి విసిరింది. "కన్ను ఎందుకు?" ఇంకోటి. "వానెందుకు? అడిగినప్పుడు కురిపించవు, అడగనప్పుడు కురిపిస్తావు!"

పక్కింటి ఆగ్నేసమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఒసే శౌరీ, గుడి తలుపును కొడితే కళ్లు పోతాయే!"

"తలుపు ముట్టకముందే ఒకటి పోయింది కదక్కా."

అలా రోజూ వచ్చింది. ఊరంతా విసిగిపోయింది, ఆమె విసగలేదు. ఆమెకు విశ్వాసం పోయిందని రాయప్ప చెప్పుకు తిరిగాడు. విశ్వాసం పోయిన మనిషి ఇంట్లో కూర్చుంటుంది గానీ, నలభై రోజులు పనిగట్టుకుని వచ్చి తలుపు కొట్టదు. అవతల ఎవరూ లేరనుకునే తలుపును ఎవరైనా అన్నిసార్లు కొడతారా? అది రాయప్పకు తట్టలేదు. ఆ తపస్సు కాలంలో మరో రెండుసార్లు వాన పడింది. దానికీ ఆమె గుల్లలు విసిరింది.

మంచి శుక్రవారం నాడు మరియన్న స్వాములవారు పడవ దిగి వచ్చేసరికి తలుపు ముందు గుల్లలు నడుమెత్తు పేరుకుని ఉన్నాయి. లోపలికి దారి లేదు.

"తీయించేస్తాను స్వామీ. ఆమెకు మతి చెదిరింది" అన్నాడు రాయప్ప.

"ఎవరివి ఇవి?"

"నావి" అంది శౌరమ్మ గోడ పక్కనుంచి. "ఒక్కదానికీ జవాబు లేదు."

స్వాములవారు వాటిని తీయించలేదు. ఆ కుప్ప అంచునే ఎండలో కూర్చుని, ప్రభువు సిలువ మీద పడ్డ పాటుల చరిత్ర చదవడం మొదలుపెట్టారు. జనం నేల మీద కూర్చున్నారు. సిలువ మీద దేవుని కుమారుడు తన చేయి ఎందుకు విడిచావని తండ్రిని గొంతెత్తి అడిగిన చోటికి వచ్చేసరికి శౌరమ్మ లేచి నిలబడింది. ఏటేటా విన్న మాటే. ఆ రోజే చెవిన పడింది.

"స్వామీ, ఆగండి. ఆయన కూడా అడిగాడా?"

"అడిగాడమ్మా."

"జవాబు వచ్చిందా?"

"ఆ రోజు రాలేదు."

"కన్నకొడుక్కే?"

"కన్నకొడుక్కే. మూడో రోజు ఆయన్ని సమాధిలోంచి లేపేదాకా తండ్రి నోరు విప్పలేదు."

శౌరమ్మ సున్నం పనివాళ్ల అలవాటు చొప్పున కుప్పలోంచి ఒక గుల్ల తీసి నాలుకకు తగిలించి చూసింది. ఉప్పు లేదు. ఇంకోటి చూసింది. దానికీ లేదు. తాను తిట్టిన వానలన్నీ ఆ గుల్లలను శుభ్రంగా కడిగి పెట్టాయి.

"పాస్కాకు రెండు రోజులే ఉంది" అంది. "ఇవి కాలవాలి."

"మంచి శుక్రవారం నాడు బట్టీ ముట్టిస్తారా?" అని రాయప్ప అరిచాడు.

స్వాములవారు అంగీ చేతులు పైకి మడిచి గంప అందుకున్నారు. రెండో గంప శౌరమ్మ రాయప్ప నెత్తినే పెట్టింది. "మోయండి. ఇన్నాళ్లూ మాటలే కదా మోశారు."

కూలిన కప్పు వాసాలే కట్టెలయ్యాయి. శుక్రవారం నిప్పు పెట్టారు. శనివారం ఉదయం నీళ్లు చల్లితే గుల్లలు చిటపటమని విచ్చి మల్లెల్లా పొడయ్యాయి. సాయంత్రానికి రెండు పూతలు పడ్డాయి. ఆదివారం పొద్దెక్కేసరికి ఏటి అవతలి ఊళ్లకు కూడా గుడి కనిపించింది. తలుపు తీసి మొదట లోపలికి వెళ్లింది శౌరమ్మ. సున్నం అంటిన చేతులతో సిలువ మీది పాదాలు పట్టుకుంది. ఆ వేలిముద్రలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని గీకి ఇళ్లకు పట్టుకెళ్లవద్దని యాత్రికులకు మరోసారి మనవి.

ఆ ఏడు వానకాలమంతా గడిచినా గోడ నుంచి రవ్వంత కూడా రాలలేదు.

ఇన్నయ్య పోయింది గోడ తెల్లబడటానికేనని కొందరు బోధిస్తుంటారు. శౌరమ్మ ముసలితనంలో ఒక బోధకుడు ఆమె ముందే అలా చెప్పాడు. "ఆ సంగతి నీకెవరు చెప్పారు నాయనా? నాకింకా చెప్పలేదే" అందామె. "చెప్పకపోతే ఎలా నమ్ముతున్నావమ్మా?" అని అతడు అడిగాడు. "చెప్పేవాడు కాదనుకుంటే ఇన్నేళ్లు ఎందుకడుగుతాను? చెప్తాడు. చెప్పేదాకా ఆయన పాదాలు వదలను" అంది. ఆ బోధకుడూ గంప మోశాడు.

ఇప్పటికీ విభూది బుధవారం నుంచి మంచి శుక్రవారం దాకా, వచ్చినవారు కుప్పలోంచి ఒక గుల్ల తీసి, తమ కష్టం దేవునితో గట్టిగా చెప్పి, తలుపు మీదికి విసురుతారు. గొణగవద్దు, గట్టిగానే చెప్పండి. శుక్రవారం ఆ గుల్లలను కాలుస్తారు. శనివారం శౌరమ్మ వంశపు ఆడవారు నీళ్లు చల్లుతారు. పాస్కా ఉదయం ప్రతివారూ కుంచె పట్టి గోడకు ఒక పూత వేస్తారు. ఎవరి కష్టం ఏ చోట అంటిందో తర్వాత ఎవరూ పోల్చుకోలేరు. అంతా ఒకటే తెలుపు.

అడిగిన ప్రతివారికీ ఇక్కడ జవాబు దొరుకుతుందని యాత్రికుల కోసం వేసిన ఈ పుస్తకం చెప్పదు. ఈ తలుపును కొట్టినందుకు కోపగించుకునేవాడు లోపల లేడని మాత్రం చెబుతుంది. శౌరమ్మను భరించిన ప్రభువు మిమ్మల్నీ భరించుగాక. మూడో రోజుదాకా ఓర్చుకునే బలం మీకు ఇచ్చుగాక.