బూరుగుదూది క్యాబినెట్

అడవికి కరెంటొచ్చి మూడేళ్లయింది. వాగు మీద ఎలుగుబంట్లు బిగించిన చక్రం తిరిగినంతసేపూ కొండవాలు గుహలన్నిటా దీపాలు వెలిగేవి. దీపాల వెనకే టీవీలొచ్చాయి, టీవీల వెనకే సినిమా పిచ్చి వచ్చింది. కొండ మీది పెద్ద గుహలో ఉండే చిరుత దొరసానికి మామూలు టీవీ కంటికి ఆనలేదు. గోడంత తెర కావాలంది. నాలుగు మూలలా స్పీకర్లు కావాలంది. అడిగిన సినిమా అడగ్గానే వేసే కంప్యూటర్ కావాలంది. అన్నిటికంటే ముఖ్యం, సినిమా చూస్తూ నిద్రపోయే తన ముగ్గురు కూనలూ మధ్యలో లేవకూడదు.

ఆ కంప్యూటర్ బిగించే పని ఉడుత నూకాలు నెత్తిన పడింది.

"లెక్కల్లో గట్టిదానివట కదే," అంది దొరసాని, ముందు పంజా నాక్కుంటూ. "మా ఆచారం తెలుసుగా? బిగించినవాళ్లు మొదటి ఆట నా రెండు పంజాల మధ్య కూర్చుని చూడాలి. పెట్టెలోంచి చప్పుడొచ్చి నా పిల్లలు లేచారనుకో..."

"తెలుసు దొరసానమ్మా," అంది నూకాలు.

"నువ్వు ఒక్క గుటక్కి కూడా చాలవులే. అయినా గుటక గుటకే కదా."

ఆ మాట ఎంతో ముద్దుగా అంది. నూకాలుకి దానికే ఎక్కువ భయమేసింది. గుహలో ఓ మూల స్క్రూడ్రైవర్ ఒకటి పడుంది. అంతకుముందు ఈ పనికి వచ్చిన కుందేలుది. దాని పిడికి తెల్ల వెంట్రుకలు నాలుగు అంటుకుని ఉన్నాయి. కుందేలు మాత్రం మళ్లీ ఎవరికీ కనబడలేదు.

కంప్యూటర్ని లోపల పెట్టి బిగించే పెట్టెలు, అదే క్యాబినెట్లు, అమ్మేది కొండ దిగువన నక్క పైడయ్య కొట్లో. మర్నాడు పొద్దెక్కకముందే దొరసాని, నూకాలు అక్కడికి దిగారు. నూకాలు కళ్లు నేరుగా కొట్టు వెనక గోడవైపు పోయాయి. అక్కడ వెడల్పాటి బూడిదరంగు పెట్టె ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది. పక్కలంతా జల్లెడలా చిల్లులు. ముందు రెండు పెద్ద ఫ్యాన్లు. తోకతో కొలిచి చూసింది. లోపల పదహారు వేళ్ల ఎత్తు, గాలి ఆడడానికి బోలెడంత చోటు.

"ఇది చాలా బాగుంది దొరసానమ్మా. పెద్ద ఫ్యాన్ నిమిషానికి ఆరువందల చుట్లు తిరిగితే సరిపోతుంది, చప్పుడే ఉండదు. చిన్న ఫ్యాన్ అదే గాలి తోలాలంటే మూడువేల చుట్లు తిరగాలి. అప్పుడు తుమ్మెదలా రొద పెడుతుంది."

"బియ్యం డబ్బాలా ఉందే!" దొరసాని ముక్కు చిట్లించింది. "దీన్ని నా తెర కింద పెట్టుకోనా?"

పైడయ్య వెంటనే చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. "మీ హోదాకి అదేమిటమ్మా! ఇలా చూడండి." గుడ్డ తీశాడు. నల్లగా, నున్నగా, పలకంత సన్నటి పెట్టె. దాని మీద దొరసాని మీసాలు అద్దంలోలా కనిపించాయి. "ఒక్క చిల్లు లేదు, దుమ్ము చొరబడదు. చప్పుడు వినిపిస్తే నా చెవులు కోసుకోండి."

అప్పటికే లోపల ఒక కంప్యూటర్ బిగించి ఉంచాడు. ఆన్ చేశాడు. దొరసాని చెవి ఆనించి విన్నది. నిశ్శబ్దం. పది నిమిషాలవగానే పైడయ్య ఆపేశాడు.

"ఎందుకాపావు మామా?" అంది నూకాలు. "సినిమా నూటయాభై నిమిషాలు."

"పది నిమిషాలు నోరు మూసుకున్నది నూటయాభై మూసుకోదా అమ్మాయ్? పెళ్లిచూపుల్లో కాపురమంతా చేసి చూపిస్తారా?"

దొరసాని పకపకా నవ్వింది. బేరం కుదిరిపోయింది.

గుహకి తెచ్చి మూత విప్పాక గానీ నూకాలుకి అసలు సంగతి తెలీలేదు. పెట్టె గోడలన్నిటికీ లోపలివైపు బూరుగుదూది దట్టంగా అతికించి ఉంది. అడుగున ఉన్న నాలుగు సన్నటి చీలికల్లో కూడా దూదే కూరాడు. చప్పుడు బయటికి రాకపోవడానికి కారణం అదీ. గాలి లోపలికి రాకపోవడానికీ అదే.

దూది లాగేస్తే లోపలున్న ఒక్క చిన్న ఫ్యాన్ రొద పెడుతుంది. ఉంచేస్తే వేడెక్కి, ఆ తర్వాత ఇంకా పెద్ద రొద పెడుతుంది. నూకాలు దాన్ని అలాగే ఆన్ చేసి తెర మీద అంకెలు చూసింది. వేడి పది నిమిషాలకి ఆరు డిగ్రీలు పెరుగుతోంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుహలో మొదలెట్టేదే నలభై అయిదుతో. గంటకి ఎనభై ఒకటి. తొంభై నిమిషాలకి తొంభై తొమ్మిది. మూడుసార్లు వేసింది, మూడుసార్లూ అదే లెక్క.

పరుగున వెళ్లి చెప్పింది. దొరసాని కూనల్ని నాకుతూ సగమే విన్నది.

"ఏమే, పని తప్పించుకుందామనా? నా చెవులతో నేను విన్నాను. అంకెలు చెప్పి నన్ను బెదిరిస్తావా?"

దొరసాని తోక ఒకసారి నేలకేసి కొట్టింది.

మధ్యాహ్నం ఆటకి పైడయ్య మీసం దువ్వుకుని వచ్చాడు. కూనలు తెర ముందు దొర్లుతున్నాయి. వాటిలో చిన్నది అప్పుడే మిలమిల మెరుస్తున్న పెట్టెని పంజాతో గీరుతోంది. నూకాలు ఆ పంజాని చూసింది. ఈ తల్లికి డిగ్రీలూ చుట్లూ చెప్పి లాభం లేదు. ఇంకేం చెబితే వింటుందో అప్పుడు తట్టింది.

"పైడయ్య మామా, ఈ పెట్టె వేడెక్కదు కదూ?"

"వేడా? మంచుగడ్డే అనుకో!"

"అయితే మంచిదే. బాబు దాని మీదెక్కి పడుకునేలా ఉన్నాడు దొరసానమ్మా. పెద్దవాళ్లెవరైనా ముందు కూర్చుని చూస్తే మన మనసుకి కుదురుగా ఉంటుంది కదా అని..."

దొరసాని కళ్లు సన్నగా అయ్యాయి. "నిజమేనే. పైడయ్యా, ఎక్కు."

"నేనా? నా బరువుకి గీతలు పడతాయేమో అమ్మా..."

"పడితే పడనీ. నా బిడ్డ ఒళ్లు కాలకుండా ఉంటే చాలు. ఆట అయ్యేదాకా దిగకు."

పైడయ్య ఎక్కి కూర్చున్నాడు. నూకాలు పోయి రెండు పంజాల మధ్య ముడుచుకుంది. సినిమా మొదలైంది.

ముప్పై నిమిషాలకి కూనలు నిద్రపోయాయి. నలభైకి పైడయ్య ఒక పక్కకి ఒరిగాడు. యాభైకి రెండో పక్కకి ఒరిగాడు. నూకాలు తెర చూడడం లేదు, లెక్కపెడుతోంది. ముందు నక్క అరవాలి. ఫ్యాన్ ముందు అరిచిందో, తన పని అయిపోయినట్టే.

అరవై రెండో నిమిషంలో పెట్టెలోంచి సన్నగా జుయ్‌మని మొదలైంది.

దొరసాని చెవి అటు తిరిగింది. నూకాలు వీపుకి అటొకటి, ఇటొకటి గోళ్లు బయటికొచ్చాయి.

"ఏమిటా చప్పుడు?"

"సి... సినిమాలో గాలి దొరసానమ్మా," అన్నాడు పైడయ్య, పళ్లు బిగబట్టి.

తెర మీద హీరోయిన్ తలుపులేసుకుని ముగ్గుపిండి జల్లించుకుంటోంది. గాలన్నదే లేదు. రొద పెరిగింది. మూడో గోరు నూకాలు మెడ బొచ్చుకి తగిలింది. నూకాలు లెక్క ఆపలేదు. అరవై ఆరు. అరవై ఏడు.

"కుయ్యో!"

పైడయ్య గాల్లోకి మూరెడు లేచాడు. వెనక బొచ్చు ఓ గుప్పెడు మూతకే అంటుకుపోయింది. కమురు కంపు గుహంతా నిండింది. మూడు కూనలూ లేచి ఏడుపు అందుకున్నాయి.

"నా బిడ్డ పడుకోవాల్సింది దీని మీదా!" దొరసాని గర్జనకి పైకప్పు నుంచి మట్టి రాలింది. నూకాలు మూత విప్పి, గోధుమరంగుకి మాడి పొగలొస్తున్న దూదిని బయటికి లాగి చూపించింది.

ఇంక పైడయ్యకి పారిపోవడానికి దారి లేదు. ఆ మండుటెండలో, కాలిన ఒంటితో, వెనక గోడ దగ్గరి వెడల్పాటి పెట్టెని వీపున మోసుకుని కొండెక్కాడు. నూకాలు గంటలో అందులో అంతా బిగించింది. సాయంత్రం సినిమా మళ్లీ మొదట్నుంచి వేశారు. పంజాల మధ్యకి నూకాలూ వెళ్లక తప్పలేదు, పెట్టె మీదికి పైడయ్యా ఎక్కక తప్పలేదు.

గంట గడిచింది. అంకె యాభై రెండు దగ్గర ఆగిపోయింది. పెద్ద ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో తెలీనంత నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఫ్యాన్లు చిల్లుల్లోకి లాగే సాయంత్రపు గాలి పైడయ్య కాలిన చోటికి హాయిగా తగిలింది. పొద్దుటినుంచీ పడ్డ అలసటంతా ఒక్కసారి కమ్ముకొచ్చింది. తల వాలింది.

తెర మీద హీరోయిన్ తల్లి కన్నుమూస్తోంది. గుహ అంతా నిశ్శబ్దం. కూనలు గాఢనిద్రలో ఉన్నాయి.

"గుర్ర్ర్ర్... ఖొర్ర్ర్..."

చిన్న కూన కళ్లు తెరిచి కేర్‌మంది. నూకాలుకి రెండు పక్కలా ఉన్న పంజాలు మెల్లగా పైకి లేచాయి. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. పెద్ద నీడ ఒకటి తన మీదుగా దూకి వెళ్లింది.

కళ్లు తెరిచేసరికి ఆమె ఒళ్లు ఎక్కడిదక్కడే ఉంది. పెట్టె ఉంది, చడీచప్పుడూ లేకుండా పనిచేస్తోంది. దాని మీద మాత్రం ఎవరూ లేరు.

కొండ దిగువ కొట్టుకి ఆ తర్వాత ఎవరూ తలుపు తీయలేదు.

నీతి: అమ్మేవాడు పది నిమిషాలు చూపించిన వస్తువుని, కొనేముందు నూటయాభై నిమిషాలూ వాడి చూడాలి.